ఒక్క ఆదివారంలో ఐదేళ్ళ సమ్మేళనం

కరీంనగర్ నుంచి వేములవాడ పోయే రోడ్డు మీద, ఊరు దాటాక ఎడమ పక్కన, కీర్తిధామ బిజినెస్ స్కూల్ ఉంటుంది. నాలుగంతస్తుల భవనానికి ముందు వైపు మాత్రమే అద్దాలు. వెనక్కి పోతే సిమెంటు పూత కూడా లేని ఇటుక గోడ. ఆ భవనానికి పునాది తవ్విన నాటి నుంచి అక్కడ ఉన్న మనిషి ఒక్కడే. కరస్పాండెంట్ శ్రీహరిరావు కాదు. ఆయన అప్పటికి వైన్ షాపుల టెండర్లు వేసుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ కాదు, ప్రిన్సిపాళ్ళు తొమ్మిది మంది వచ్చి పోయారు. ఆ ఒక్కడు యేసుదాసు, అటెండరు.

ఖానాపూర్ పక్కన ఒక పల్లెలో, మెథడిస్టు సంఘానికి చెందిన కూలి కుటుంబంలో పుట్టాడు. మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాడు. 2003 జూన్‌లో కాంక్రీటు పని ముఠాతో కరీంనగర్ వచ్చాడు. సిమెంటు బస్తాలకు కాపలా పెట్టారు. భవనం లేచాక ముఠా వెళ్ళిపోయింది, యేసుదాసు మిగిలాడు. తలుపులు తీయడం, నీళ్ళు నింపడం, ప్రాజెక్టరు పెట్టడం, పరీక్ష పేపర్లు పంచడం, పాము వస్తే చంపడం, మంత్రి వస్తే కుర్చీ తుడవడం అతని పని. నడుముకు నలభై ఒక్క తాళంచెవుల గుత్తి. ఏ ఫ్యాను కర్రతో ఒక తోపు తోస్తే తిరుగుతుందో అతనికే తెలుసు.

ఎంబీఏలో ఏం చెప్తారో కూడా అతనికి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా బోర్డు తుడిచేది అతనే మరి. మనిషి అవసరాల త్రికోణం అని ఒక బొమ్మ గీస్తారు. కింది మెట్టు మీద తిండి, ఇల్లు. దాని మీద ఉద్యోగ భద్రత. ఆపైన గౌరవం. లెక్చరర్లు మారినా త్రికోణం మారలేదు. దాన్ని గీసినవాళ్ళు చాలామంది. తుడిచినవాడు యేసుదాసు ఒక్కడే.

మొదటి ఏడాది విద్యార్థులకు మానవ వనరుల నిర్వహణ అని ఒక పేపరు ఉంటుంది. ఉద్యోగికి నియామక పత్రం ఎందుకు ఇవ్వాలో అందులో పది మార్కుల ప్రశ్న. ఆ పాఠం చెప్పే గది ఊడ్చే ఆమెకు, ఆ గదికి తాళం తీసే యేసుదాసుకు, గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్‌కు, మొత్తం పన్నెండు మందికి నియామక పత్రం అన్నదే లేదు. పుస్తకంలో మానవ వనరులు ఉన్నాయి. కాలేజీ కాగితాల్లో మాత్రం ఈ మనుషులు లేరు.

ఆదివారాలు యేసుదాసుది వేరే ఉద్యోగం. పదిహేనేళ్ళుగా చర్చి సంఘం రిజిస్టరు రాసేది అతనే. కొత్తగా చేరిన సభ్యుల్ని, బాప్తిస్మాలను, పెళ్ళిళ్ళను, సమాధులను రాస్తాడు. ఆ పుస్తకంలో నాలుగు గళ్ళు: పేరు, తండ్రి పేరు, చేసే పని, ఎప్పటినుంచి. రిజిస్టరు అప్పగించిన రోజు ముసలి పాస్టరుగారు ఒక మాట చెప్పాడు. "ఎప్పటినుంచి అన్న గడి ఖాళీగ ఇడువకు యేసుదాసూ. తక్కినయి ఎవరైన జెప్తరు. అది మాత్రం మనమే రాసుకోవాలె." ఆ మాట అతని చేతికి అలవాటైపోయింది. ఎక్కడ సంతకం పెట్టినా పేరు పక్కన పని, ఎప్పటినుంచో రాయందే కలం కింద పెట్టడు. కొరియర్ రసీదు మీద కూడా 'యేసుదాసు, అటెండర్, 2003 నుంచి' అని రాస్తాడు. స్టాఫ్ రూములో దానికి నవ్వుకునేవాళ్ళు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మేనేజ్‌మెంటు ఒక తీర్మానం చేసింది. అటెండర్లను, ఊడ్చేవాళ్ళను, వాచ్‌మన్లను హైదరాబాదు ఏజెన్సీ ఒకటి తీసుకుంటుంది. ఏజెన్సీ కొత్తవాళ్ళనైతే నలభై అయిదు దాటితే చేర్చుకోదు. పాత సిబ్బంది అని కాలేజీ ఉత్తరం ఇస్తే వయసు చూడదు. గడువు మార్చి నెలాఖరు. యేసుదాసుకు యాభై మూడేళ్ళు. ఉత్తరం ఉంటే ఉద్యోగం, లేకపోతే లేదు.

మార్చి మొదటి వారంలో యేసుదాసు శ్రీహరిరావు గదిలోకి వెళ్ళాడు.

"సార్, గా ఏజెన్సోళ్ళకు ఇయ్యాలట. నేను ఇరువై రెండేండ్ల సంది ఈడనే పని జేస్తున్న అని ఒక్క కాయితం."

శ్రీహరిరావు ఫోనులో నుంచి తల ఎత్తలేదు. "నీ పేరు యాడున్నది యేసూ? నువ్వు మా రోల్స్‌ల లేవు. లేని మనిషికి లెటర్ ఎట్ల ఇయ్యాలె?"

"దినాం సంతకం పెడుతనే ఉన్న గద సార్."

"అది గేటు బుక్కు. పాతయన్ని ఎప్పుడో కాలవెట్టినం."

నిజమే. మూడేళ్ళ కింద భవనం వెనక గుంతలో వేసి కాల్చింది యేసుదాసే. చెదలు పట్టాయి, కాల్చెయ్యమన్నారు. కాల్చాడు. తన పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ సంతకాలు అందులో ఉన్నాయని అప్పుడు తట్టలేదు.

"గట్లంటె నేనేమైపోవాలె సార్?"

"ఫికర్ జెయ్యకు. ముందుగాల ఆదివారం పని కానియ్యి. అలుమ్ని మీట్ మంచిగ జరిగితె సోమవారం నీ లెటర్ నా టేబుల్ మీద ఉంటది. సరేనా?"

సరేనన్నాడు. ఇంకేమనాలి?

అలుమ్ని మీట్ అంటే పూర్వ విద్యార్థుల సమ్మేళనం. ఏప్రిల్‌లో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతుంది. ఏటా సమ్మేళనం జరుపుతున్నారా, ఐదేళ్ళ ఫొటోలు, హాజరు రిజిస్టర్లు చూపండి అని వాళ్ళ ఫారంలో ఉంది. ఐదేళ్ళలో ఒక్కటీ జరగలేదు. మామూలు మనుషులైతే జరగలేదని రాస్తారు. వీళ్ళు వ్యాపార నిర్వహణ చెప్పేవాళ్ళు కదా, ఒక్క ఆదివారంలో ఐదేళ్ళవీ జరిపేద్దామనుకున్నారు. షామియానా ఒక్కటే, భోజనం ఒక్కటే, బ్యానర్లు మాత్రం ఐదు. ఖర్చు తగ్గింపు అనే పాఠం కూడా అందులోనే కలిసి వచ్చింది.

ఆ ఫైలు బాధ్యత మమతారాణిది. మానవ వనరుల లెక్చరర్, తొమ్మిదేళ్ళ నుంచి అక్కడే. ఐదు కొత్త రిజిస్టర్లు కొని యేసుదాసు చేతికి ఇచ్చింది. "యేసన్నా, ఇవి పాతవాటి లెక్క కనవడాలె. జర సూడు." యేసుదాసు వాటిని వారం రోజులు డాబా మీద ఎండబెట్టాడు. మొదటి రెండింటి అంచులకు టీ డికాక్షన్ రాశాడు. 2020-21 రిజిస్టరు మూలలు గోడకు రుద్ది అరగదీశాడు. రుద్దుతుంటే రేకు ముక్క గీరుకుని కుడి బొటనవేలు తెగింది. తెల్ల పట్టీ వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే చొక్కా తొడుక్కుంటుంటే భార్య ఆనందమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆయా.

"ఇయ్యాల రెండు బాప్తిస్మాలున్నయి. పుస్తకం ఎవరు రాస్తరు?"

"వచ్చే ఆదివారం రాస్త. పాస్టరుగారికి చెప్పిన."

"కాలేజోళ్ళు పిలువంగనే దేవుని పని ఆపుకుంటివి. ఆళ్ళు నీకు కాయితమిస్తరా?"

"ఇస్తమన్నరు."

"అన్నరు," అంది ఆనందమ్మ. టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది. ఏదన్నా తిడితే బాగుండేదనిపించింది అతనికి.

వాట్సాప్ గ్రూపులో పూర్వ విద్యార్థులు ఆరువందల నలభై మంది. వచ్చింది పదకొండు మంది. అందులో ఇద్దరు బీమా పాలసీలు అమ్ముకోవడానికి వచ్చారు. ఒకాయన కాలేజీలోనే లెక్చరర్ పోస్టు ఏమన్నా ఉందా అని అడగడానికి వచ్చాడు. ఇంకొకాయన భార్యకు వేములవాడ మొక్కు ఉంటే, దారిలో భోజనం ఉందని ఆగాడు. రెండువందల కుర్చీలు వేశారు. మొదటి ఏడాది పిల్లలకు బ్లేజర్లు తొడిగించి కూర్చోబెట్టారు. అయినా మధ్యలో సందులు కనిపిస్తున్నాయని ఫొటోగ్రాఫర్ అన్నాడు. అప్పుడు బస్సు డ్రైవర్లను, వాచ్‌మన్‌ను పిలిచారు.

"యేసన్నా, నువ్వు రెండో లైనుల కూసో," అంది మమతారాణి. నీలం బ్లేజర్ ఇచ్చింది. చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. జేబుకు ఒక బ్యాడ్జి పెట్టింది. దాని మీద '2009 బ్యాచ్, జనరల్ మేనేజర్' అని ఉంది.

"మేడం, ఇది నేను గాదు."

"ఫొటో దాంకనే అన్నా."

ఆమె అటు తిరగగానే యేసుదాసు బ్యాడ్జిని వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు.

వచ్చిన పదకొండు మందిలో ఆదిలాబాద్ షాహిద్ కూడా ఉన్నాడు. నిజంగా 2009 బ్యాచే. వాళ్ళ నాన్నది అక్కడ జిన్నింగ్ మిల్లు. పత్తి నుంచి గింజ తీసే ఆ మిల్లు నడుపుతూ, తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. ప్యానెల్‌లో కూర్చోమని పిలిస్తే వచ్చాడు. బ్లేజర్‌లో ఉన్న యేసుదాసును చూసి ఆగి, తిరగేసిన బ్యాడ్జిని ఇటు తిప్పి చదివాడు.

"క్యా యేసన్నా, ఎప్పుడైనవ్ జనరల్ మేనేజర్?"

"పొద్దుగాల తొమ్మిదికి. మూడు కొట్టంగనే దిగిపోత."

"మంచిదే. మా మిల్లుల మేనేజర్ ఆరు గంటలు కూడ ఉండడు."

తొలి ఫొటోలు 2020-21వి. అది కరోనా ఏడాది అని మమతారాణికే గుర్తొచ్చింది. డబ్బా తెప్పించి అందరికీ మాస్కులు పంచారు. "జర దూరం దూరం కూసోండ్రి, సోషల్ డిస్టెన్సు," అని ఫొటోగ్రాఫర్ అరిచాడు. దూరం కూర్చుంటే మళ్ళీ సందులు కనిపించాయి. దగ్గరికి జరగమన్నారు. కమిటీవాళ్ళు అంత చూడరులే అని శ్రీహరిరావు తేల్చేశాడు. జనం గుంపులు గుంపులుగా పోయిన ఏడాదికి వీళ్ళు పెట్టిన గుర్తు రెండు నిమిషాల మాస్కు.

తర్వాత మాస్కులు తీసి, బ్లేజర్లు విప్పి, 2021-22. పిల్లలు వరండాలోకి పోయి చొక్కాలు మార్చుకుని వచ్చాక 2022-23. కుర్చీలు అటు గోడ వైపు తిప్పి 2023-24, మళ్ళీ ఇటు తిప్పి 2024-25. పూలగుత్తి మాత్రం ఒక్కటే. ఐదేళ్ళలో ఐదుసార్లు అదే శ్రీహరిరావు చేతికి అదే పూలగుత్తి ఇచ్చారు. మధ్యలో నీళ్ళు చల్లింది యేసుదాసు.

ఈ మార్పుల మధ్యనే ఉపన్యాసాలు. హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. 2020-21 బ్యానర్ కింద మొదలుపెట్టి, 2021-22 బ్యానర్ కింద ముగించాడు. ఇది కొత్త యుగమన్నాడు. ఒకే సంస్థలో మూడేళ్ళు దాటి ఉన్నవాడు తుప్పు పట్టిపోతాడన్నాడు. దిగి రండి, ఎగరండి, పడండి, మళ్ళీ ఎగరండి అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఒకే సంస్థలో ఉన్న మనిషి ఆయన ముందు నీళ్ళ సీసా మూత తీసి పెట్టాడు. ప్రొఫెసర్ గుక్క తాగి, రిస్కు తీసుకోనివాడు బతకడం లేదు, ఉంటున్నాడంతే అన్నాడు. ఈ ప్రొఫెసర్ తన ఉద్యోగం విడిచి ఎన్నిసార్లు ఎగిరాడో ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఆ హాలుకు లేదు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో మాత్రం బాగా నేర్పారు.

ఆపైన ప్యానెల్ చర్చ. అభిరుచి నుంచి లాభం దాకా అని పేరు. నలుగురు మనుషులు, ఒక మైకు. తండ్రి కట్టించిన ఫంక్షన్ హాలు నడిపే అతను సొంతంగా ఎదగడం గురించి చెప్పాడు. ఇతరులకు విజయం నేర్పడమే ఉద్యోగంగా చేసుకున్న ఒకాయన పొద్దున్నే నాలుగింటికి లేవమన్నాడు. నాలుగింటికి లేచి ఊళ్ళు ఊడ్చే ఆడవాళ్ళు కోటీశ్వరులు ఎందుకు కాలేదో ఆ లెక్కలో లేదు. మైకు షాహిద్ దగ్గరికి వచ్చింది. ఈ కాలేజీలో నేర్చుకున్న ఏ పాఠం మీ వ్యాపారానికి పనికొచ్చింది అని నిర్వాహకుడు అడిగాడు.

షాహిద్ మైకు అందుకున్నాడు. "పత్తిల చెయ్యి వెట్టి తడి ఎంతున్నదో చెప్పుడు మా అబ్బా నేర్పిండు. ఈడ నేను నేర్సుకున్నది ఒక్కటే. ప్రాజెక్టర్ బంద్ అయితె యేసన్నను పిలువాలె."

పిల్లలు పగలబడి నవ్వారు. నిర్వాహకుడు కూడా నవ్వి, వనరులను సమీకరించడమంటే ఇదేనని ఇంగ్లీషులో సర్దేశాడు. ఎవరేమన్నా పాఠంగా మార్చేసే విద్య వాళ్ళది. యేసుదాసు నవ్వలేదు. సోమవారం గురించి ఆలోచిస్తున్నాడు.

భోజనాల ముందు ఐదు రిజిస్టర్లూ వరసగా బల్ల మీద పెట్టారు. పేరు, బ్యాచ్, హోదా, సంస్థ, సంతకం అని గళ్ళు. పిల్లలు నవ్వుకుంటూ నోటికొచ్చిన పేర్లు, నోటికొచ్చిన కంపెనీలు రాశారు. ఒకడు తనను తాను బ్యాంకు చైర్మన్ చేసుకున్నాడు. యేసుదాసు వంతు వచ్చింది.

"మేడం, ఏం రాయాలె?"

మమతారాణి చేతిలో ఐదు ఫైళ్ళు, చెవిలో ఫోను. "ఏదో ఒకటి రాయన్నా. గడి నిండితె సాలు."

"ఉన్నదే రాస్త మేడం."

"రాయి, రాయి."

యేసుదాసు వంగి రాయడం మొదలుపెట్టాడు. సంఘం పుస్తకంలో రాసినట్టే, నిదానంగా, గుండ్రటి అక్షరాలు. పేరు: యేసుదాసు, తండ్రి దేవదానం. బ్యాచ్ అన్న గడిలో: 2003 జూన్ నుంచి. హోదా: అటెండర్. సంస్థ: ఈ కాలేజీలోనే. సంతకం. రెండో రిజిస్టరులో అదే. మూడో దాంట్లో అదే. మూడోది రాసి ఎత్తి ఇస్తుంటే మమతారాణి కళ్ళు ఆ వరుస మీద ఆగాయి. చదివింది. అతని ముఖం చూసింది. ఫోనులో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు.

"రాత మంచిగున్నదన్నా," అంది. ముద్ర తీసి, ఆ పేజీ కింద గట్టిగా కొట్టింది. నాలుగోది, ఐదోది తనే తెరిచి అతని ముందు పెట్టింది.

ఆమె వీరురాలేం కాదు. ఆ ఒక్క నిమిషం అడ్డం పడలేదు, అంతే. ఆ కాలేజీలో అదే పెద్ద ఉపకారం.

శ్రీహరిరావు ఎడమ చేతిలో బిర్యానీ ప్లేటు పట్టుకుని, కుడి చేయి కర్చీఫుకు తుడుచుకుని, ఐదు రిజిస్టర్లలో ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. పక్కనే ముద్ర: 'సరిచూసి ధ్రువీకరించడమైనది'. ఒక్క పేరు చదవలేదు. ఎందుకు చదువుతాడు? అన్నీ దొంగ పేర్లే అని ఆయనకు తెలుసు కదా.

సోమవారం యేసుదాసు కరస్పాండెంట్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు. శ్రీహరిరావు వేములవాడ దర్శనానికి పోయాడన్నారు. మంగళవారం మీటింగ్. బుధవారం దొరికాడు.

"ఏ లెటర్?"

"సోమవారం ఇస్తమన్నరు సార్. టేబుల్ మీద ఉంటదన్నరు."

"కమిటీ వచ్చి పోయినంక సూద్దాం."

"ఏజెన్సోళ్ళ గడువు ఈ నెల దాంకనే సార్."

"అయితె నన్నేం జెయ్యమంటవ్? ఒకటే ముచ్చట మీద పరేషాన్ జేస్తవేంది? నువ్వు కాయితం మీద లేని మనిషివి. రేపటి సంది రాకు. ఏజెన్సీ పిల్లగాండ్లు వస్తున్నరు. తాళాలు మేడంకు ఇచ్చిపో."

నలభై ఒక్క తాళాలు ఇవ్వడానికి గంట పట్టింది. ఏ చెవి దేనిదో మమతారాణికి చెప్పాలి కదా. ఆమె కాగితం మీద రాసుకుంది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చి మూడు రోజులు మంచం మీదే కూర్చున్నాడు. పెద్ద బిడ్డ ఏంజెల్ నిర్మల్‌లో నర్సు. సెలవు పెట్టి శనివారం వచ్చింది. తల్లి చెప్పగా అంతా విన్నది.

"బాపూ, బ్లేజర్ వేసుకున్నవట. ఫొటో లేదా?"

"గా కాలేజోళ్ళు తీసిన్రు. నాకెవరిచ్చిన్రు?"

ఏంజెల్ ఫోనులో కాలేజీ వెబ్‌సైటు తెరిచింది. కమిటీ చూడాలని అన్నీ పెట్టేశారు. ఒక్కో ఏడాది ఫొటోలు తెరుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఐదేళ్ళలోనూ రెండో వరసలో బాపు. ఐదేళ్ళూ కుడి బొటనవేలికి తెల్ల పట్టీ.

"ఐదేండ్లు మానలేదా బాపూ గా దెబ్బ?"

ఆనందమ్మ కూడా వచ్చి చూసి, మొదటిసారి నవ్వింది. "మాస్కు మంచిగున్నది నీకు. దినాం పెట్టుకో."

ఫొటోల కింద హాజరు రిజిస్టర్లని ఉంది. ఏంజెల్ అదీ నొక్కింది. పేజీలు స్కాన్ చేసి పెట్టారు. వేలితో జరుపుతూ పోయి ఒకచోట ఆగిపోయింది. నవ్వు తగ్గింది.

"బాపూ, గిది నీ రాతే గద?"

యేసుదాసు కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. 2003 జూన్ నుంచి. అటెండర్. ఈ కాలేజీలోనే. కింద ముద్ర, శ్రీహరిరావు సంతకం, సరిచూసి ధ్రువీకరించడమైనది.

"నాదే."

"ఐదింట్ల ఉన్నదా?"

"ఐదింట్ల రాసిన."

"ఎందుకట్ల రాసినవ్?"

"ఏదో ఒకటి రాయమన్నరు బిడ్డా. నాకు ఇంకేం రాయొస్తది?"

సోమవారం జిరాక్సు సెంటర్లో ఐదు పేజీలు ప్రింటు తీయించి, ఫొటోలు కూడా తీయించి, తండ్రీ బిడ్డా కార్మిక శాఖ ఆఫీసుకు పోయారు. ఏంజెల్ అర్జీ రాసింది. ఇరవై రెండేళ్ళ పని, చెప్పాపెట్టకుండా తీసేశారు, రుజువులు జతపరిచాం. అక్కడి ఆఫీసరు పేజీలు తిప్పాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"కరస్పాండెంట్ సార్‌ది."

"ఇది వాళ్ళ వెబ్‌సైట్ల ఉన్నదా?"

"ఇప్పుడు గూడ ఉన్నది సార్," అని ఏంజెల్ ఫోను చూపించింది.

మూడో రోజు కాలేజీకి నోటీసు పోయింది. ఆ సాయంత్రమే శ్రీహరిరావు మనిషిని పంపాడు. యేసుదాసు మరునాడు పొద్దున, పనివేళకే వెళ్ళాడు. గదిలో శ్రీహరిరావు, మూలన కంప్యూటరు ముందు మమతారాణి. బల్ల మీద నోటీసు, రిజిస్టరు పేజీలు.

"కూసో యేసూ."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. యేసుదాసు నిలబడే ఉన్నాడు.

"గీ రిజిస్టర్లు ఎట్లాంటియో నీకు తెల్వదా? డికాక్షన్ రాసింది నువ్వే గద. అవి పట్టుకొని ఆఫీసుకు పోతవా?"

"దొంగ రిజిస్టర్లు అని మీరు రాసియ్యుండ్రి సార్. నేను అర్జీ వాపస్ తీసుకుంట."

శ్రీహరిరావు రిజిస్టరు పేజీలు ఒకటొకటి తిరగేశాడు. ఆ మాట రాసి ఇస్తే గ్రేడు పోతుంది. రిజిస్టర్లు నిజమైనవే అంటే అందులోని ప్రతి వరుసా నిజమవుతుంది. రెండువందల దొంగ సంతకాల మధ్య ఒక్క నిజం ఉండిపోయింది. తీసేద్దామంటే వెబ్‌సైటులో ఉంది, కార్మిక శాఖ దగ్గర ఉంది, కమిటీకి పంపిన ఫైలులోనూ ఉంది. లాభనష్టాలు బేరీజు వేయడం నేర్పే కాలేజీ యజమాని. ఆ లెక్క ఆయనకు త్వరగానే అర్థమైంది.

"నేను నిన్ను ఇంట్ల మనిషి లెక్క సూసిన," అన్నాడు చివరికి.

"ఇంట్ల మనిషికి కాయితం అక్కెర లేదు సార్. నేను పనోన్ని."

శ్రీహరిరావు మమతారాణి వైపు చేయి ఊపాడు. ఆమె టైపు చేయడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి అడిగింది. "2003 అని ఉన్నది. తారీకు ఏం వెయ్యాలె అన్నా?"

"జూన్ తొమ్మిది మేడం. సోమవారం."

"సోమవారం అని కూడ వెయ్యాల్నా?" అన్నాడు శ్రీహరిరావు ఎగతాళిగా.

"వద్దు సార్. అది నాకు యాదుంటది."

ఉత్తరం ప్రింటు తీసి ఇచ్చింది. యేసుదాసు కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివాడు. శ్రీహరిరావు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తను సంతకం పెట్టిన కాగితం ఒకటి ఎదుటివాడు చదువుతుంటే ఎంతసేపు పడుతుందో ఆయనకు ఆరోజే తెలిసింది.

ఏప్రిల్‌లో కమిటీ వచ్చింది. జీడిపప్పు తిన్నది. రిజిస్టర్లు చూసి, పూర్వ విద్యార్థులతో సంబంధాలు ఆదర్శప్రాయమని రాసింది. కాలేజీకి మంచి గ్రేడే వచ్చింది. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద సమ్మేళనం ఫొటో, రెండో వరసలో తెల్ల పట్టీ కట్టిన బొటనవేలు. తక్కిన పదకొండు మంది అటెండర్లు, వాచ్‌మన్లు, ఊడ్చేవాళ్ళ పేర్లు ఆ రిజిస్టర్లలో లేవు. వాళ్ళు నోటికొచ్చిన పేర్లు రాశారు, లేదా రాయమని వాళ్ళనెవరూ పిలవలేదు. అందులో నలభై అయిదు దాటిన నలుగురిని ఏజెన్సీ తీసుకోలేదు. వాళ్ళ కోసం యేసుదాసు ఇప్పుడు కార్మిక శాఖ మెట్లు ఎక్కుతున్నాడు. తన పేజీలు జత చేసి, వాళ్ళతో కలిసి పని చేశానని సాక్ష్యం రాసి ఇచ్చాడు. అది ఇంకా తేలలేదు.

ఉత్తరం చూపి తను ఏజెన్సీలో చేరిన మొదటి రోజు, సూపర్‌వైజర్ కొత్త హాజరు పుస్తకం ముందుకు జరిపాడు. పాతికేళ్ళు ఉంటాయేమో అతనికి. యేసుదాసు రాసింది చూసి నవ్వాడు.

"అంకుల్, మా ఏజెన్సీ ఈడికొచ్చి నెల గూడ గాలే. 2003 జూన్ తొమ్మిది నుంచి అని రాస్తవేంది?"

"మీరు వచ్చి నెల గాలే బాబూ," అన్నాడు యేసుదాసు కలం మూత పెడుతూ. "నేను నా సంగతి రాసిన."

తాళాల గుత్తి నడుముకు కట్టుకుని రెండో అంతస్తుకు ఎక్కాడు. బోర్డు మీద నిన్నటి త్రికోణం అలాగే ఉంది. డస్టరు తీసుకుని కింది మెట్టు నుంచి తుడవడం మొదలుపెట్టాడు.